సిల్లా పురుగులు: కుటుంబ వర్గీకరణ, నిమ్మజాతి తోటలకు పొంచి ఉన్న ముప్పు

మొక్కల లేత చిగుళ్లను ఆశ్రయించి రసం పీల్చే చిన్న కీటకాలలో సిల్లా పురుగులది ఒక ప్రత్యేక సమూహం. బలమైన వెనుక కాళ్లతో చటుక్కున గెంతే స్వభావం వీటిని పేనుబంక నుండి వేరుచేసే ముఖ్య లక్షణం. ప్రపంచవ్యాప్తంగా సుమారు 4,000 జాతులను శాస్త్రజ్ఞులు ఇంతవరకు గుర్తించారు. వీటిలో అధిక భాగం ఒకే రకమైన లేదా దగ్గరి సంబంధంగల మొక్కలపై మాత్రమే సంతానోత్పత్తి చేస్తాయి.

వర్గీకరణ

సిల్లాలు హెమిప్టెరా క్రమంలోని స్టెర్నోరింకా ఉపక్రమానికి చెందినవి. పేనుబంక, తెల్లదోమ, పిండినల్లి కూడా ఈ ఉపక్రమంలోనివే. సిల్లాలన్నింటినీ కలిపి సిల్లాయిడియా అధికుటుంబంగా వ్యవహరిస్తారు. పూర్వం వీటన్నింటినీ సిల్లిడే అనే ఒకే కుటుంబంగా పరిగణించేవారు. 2012లో బర్క్‌హార్ట్, ఊవ్రార్ ప్రకటించిన వర్గీకరణలో 8 కుటుంబాలున్నాయి. జన్యు ఆధారాలను కూడా పరిశీలించి 2021లో పెర్సీతో కలిసి వారు దానిని సవరించగా, కుటుంబాల సంఖ్య 7 అయింది. అవి: అఫలారిడే, కలోఫైయిడే, కార్సిడారిడే, లివియిడే, మాస్టిగిమాటిడే, సిల్లిడే, ట్రయోజిడే.

ఈ మార్పు క్షేత్రస్థాయి నివేదికలకు కూడా సంబంధించినదే. నిమ్మజాతి తోటలను ఆశించే సిల్లా 2012 వర్గీకరణలో లివియిడే కుటుంబంలోనూ, 2021 వర్గీకరణలో సిల్లిడే కుటుంబంలోనూ చేర్చబడింది. అందువల్ల వేర్వేరు సంవత్సరాల నివేదికలలో కుటుంబం పేరు వేర్వేరుగా కనిపించినా కీటకం ఒక్కటే. 1908లో కువయామా పెట్టిన డయాఫొరినా సిట్రి అనే జాతి నామం మారలేదు. నివేదికలలో జాతి నామాన్ని పేర్కొన్నట్లయితే పొరపాటుకు తావుండదు.

నిమ్మజాతి సిల్లా

పెద్ద పురుగు పొడవు 3 నుండి 4 మిల్లీమీటర్లు. తల కిందికి వంచి, వెనుక భాగాన్ని పైకెత్తి ఏటవాలుగా కూర్చుంటుంది. చిగుళ్లపై గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగులు 5 దశలు దాటి రెక్కలు పొందుతాయి. అవి విసర్జించే తీపి జిగురుపై మసి తెగులు వ్యాపిస్తుంది. బత్తాయి, నిమ్మ, నారింజలతో పాటు కరివేపాకు కూడా దీనికి ఆశ్రయమే.

రసం పీల్చడం కన్నా పెద్ద ప్రమాదం ఇది మోసుకొచ్చే గ్రీనింగ్ తెగులు. ఈ బాక్టీరియా తెగులును సిల్లా వ్యాపింపజేస్తుందని 1967లో భారతీయ శాస్త్రజ్ఞులు కపూర్, రావు, విశ్వనాథ్ నివేదించారు. ఇదే తెగులు 2004లో బ్రెజిల్‌లోనూ, 2005లో ఫ్లోరిడాలోనూ బయటపడి తోటలకు అపార నష్టం కలిగించింది. తెగులు సోకిన చెట్టును పూర్తిగా నయంచేసే మందు లేదు. ఆకు నడిమి ఈనెకు ఇరుపక్కలా ఒకేలా లేని పసుపు మచ్చలు దీని గుర్తు. జింకు లోపంలో ఈ పసుపుదనం ఇరువైపులా సమానంగా ఉంటుంది.

నివారణ

ఆరోగ్యవంతమైన అంట్లనే నాటడం, చిగురు వచ్చే సమయంలో తోటను తరచు పరిశీలించడం, తెగులు నిర్ధారణ అయిన చెట్లను తొలగించడం ప్రధానమైనవి. టమారిక్సియా రేడియేటా అనే పరాన్నజీవి కందిరీగ సిల్లా పిల్లలను నశింపజేస్తుంది. 1978లో రీయూనియన్ ద్వీపానికి దీనిని భారతదేశం నుండే తీసుకువెళ్లారు. విచక్షణ లేకుండా పురుగుమందులు చల్లినట్లయితే ఈ మిత్రకీటకం కూడా నశిస్తుంది.

నల్గొండ, అనంతపురం ప్రాంతాల బత్తాయి, నెల్లూరు ప్రాంతపు నిమ్మ రైతులకు చిగురుపై కనిపించే తొలి సిల్లాను గుర్తించడమే తోటను కాపాడుకునే తొలి మెట్టు.