కృతజ్ఞత

కృతజ్ఞత అనగా ఇతరుల వలన పొందిన మేలును గుర్తించి, మరువక, మాటతో గానీ చేతతో గానీ ఆ గుర్తింపును తెలియజేయుట. తీరిక లేని జీవితంలో, అలసిన శరీరంలో మొదట మరుగున పడే భావాలలో ఇది ఒకటి. అందువలన కష్టజీవుల సమాజాలు దీనిని మనిషి మనసుకే వదలివేయక, దానికొక రోజును, ఒక పనిని కేటాయించాయి. తెలుగు ప్రాంతాలలో కనుమ, ఏరువాక పున్నమి మరియు ఆయుధ పూజ ఇందుకు ఉదాహరణలు.

పదం, వ్యవహారం

సంస్కృతంలో "కృత" అనగా చేయబడినది, "జ్ఞ" అనగా తెలిసినవాడు. చేసిన మేలును ఎరిగినవాడు కృతజ్ఞుడు. ఆ మేలును చంపుకొనువాడు కృతఘ్నుడు. "ధన్యవాదాలు" అనే మాట నేడు సభలలోను, ఉత్తరాలలోను ఎక్కువగా వినిపిస్తుంది. ఇంటి వ్యవహారంలో తెలుగువారు కృతజ్ఞతను తరచు దీవెన రూపంలో చెబుతారు. దాహానికి నీళ్ళిచ్చిన ఇల్లాలిని పెద్దలు "నీ కడుపు చల్లగా ఉండాలి" అంటారు. భోజనం ముగించినవారు "అన్నదాతా సుఖీభవ" అంటారు. తెలంగాణలో ఉర్దూ ప్రభావం వలన "షుక్రియా" అనే మాట కూడా వాడుకలో ఉన్నది.

కృతఘ్నతను నిందించే నానుడులు తెలుగులో అనేకం. "తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం", "ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, ఏరు దాటాక బోడి మల్లన్న" అనేవి వీటిలో ప్రసిద్ధమైనవి.

పండుగలలో కృతజ్ఞత

కనుమ: సంక్రాంతి మరునాడు జరిగే ఈ పండుగ పశువులది. ఎడ్లను, ఆవులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, మెడలో గంటలు కట్టి, పసుపు కుంకుమలు పెట్టి, పొంగలి తినిపిస్తారు. ఆ రోజున ఎడ్లను కాడికి కట్టరు. కనుమ నాడు ప్రయాణం చేయరాదనే ఆచారం కూడా ఉన్నది. "కనుమ నాడు కాకి కూడా కదలదు" అని సామెత. బండి ప్రయాణమంటే ఎడ్లకు శ్రమ గనుక ఈ నియమం ఏర్పడిందని చెబుతారు. సంవత్సరమంతా పనిచేసిన జీవికి విశ్రాంతి ఇవ్వడమే ఇక్కడ కృతజ్ఞతకు రూపం.

ఏరువాక పున్నమి: జ్యేష్ఠ పూర్ణిమ నాడు దుక్కి పనులు ఆరంభించే పండుగ. నాగలిని కడిగి, ఎడ్లను అలంకరించి, తొలి చాలు దున్నుతారు. కనుమ పని ముగిశాక చెప్పే కృతజ్ఞత అయితే, ఏరువాక పనికి ముందు చెప్పేది.

ఆయుధ పూజ: మహర్నవమి లేదా విజయదశమి నాడు పనిముట్లను శుభ్రపరచి, పసుపు కుంకుమలతో పూజిస్తారు.

బోనాలు: ఆషాఢ మాసంలో స్త్రీలు కుండలో వండిన అన్నాన్ని తలపై పెట్టుకొని వెళ్ళి అమ్మవారికి సమర్పిస్తారు. కోరిక తీరినందుకు మొక్కు చెల్లించుకోవడం ఇందులో ఒక భాగం. 2014లో తెలంగాణ ప్రభుత్వం దీనిని రాష్ట్ర పండుగగా ప్రకటించింది.

తెలుగు క్రైస్తవ సంఘాలలో కృతజ్ఞత కూటములు, కోత పండుగలు జరుగుతాయి. ఇస్లాంలో కృతజ్ఞతను "షుక్ర్" అంటారు.

మహేశ్వరం పరిసరాలలో

రంగారెడ్డి జిల్లాలోని మహేశ్వరం హైదరాబాదుకు దక్షిణాన ఉన్న మండల కేంద్రం. ఇక్కడి నేల కింద గట్టి రాయి ఉండటం వలన సేద్యం ఎక్కువగా బోరుబావులపై, అనగా వానపై ఆధారపడుతుంది. సుమారు 53 చదరపు కిలోమీటర్ల మహేశ్వరం పరీవాహక ప్రాంతంలో జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు, ఫ్రెంచి శాస్త్రజ్ఞులతో కలసి భూగర్భ జలాలను అధ్యయనం చేశారు. మండలంలోని రావిర్యాల వద్ద హార్డ్‌వేర్ పార్కు ఏర్పడింది. సమీపాన శంషాబాదులో 2008లో విమానాశ్రయం ప్రారంభమైంది. దీనితో పొలం పనికి తోడు పరిశ్రమల పని, రవాణా పని కూడా ఈ ప్రాంత జీవనంలో భాగమయ్యాయి.

ఎడ్ల స్థానంలో ట్రాక్టర్లు వచ్చిన చోట కనుమ ఆచరణ తగ్గి, ఆయుధ పూజకు ప్రాధాన్యం పెరగడం సహజం. దసరా నాడు ఆటోలు, లారీలు, యంత్రాలు కడిగి, పూలదండలు వేసి, నిమ్మకాయలు కట్టడం తెలంగాణ అంతటా కనిపిస్తుంది. అయితే ఎద్దుకు పూజ, విశ్రాంతి ఒకే రోజున దక్కేవి. వాహనానికి పూజ జరిగిన రోజున దానిని నడిపేవానికి విశ్రాంతి దొరకకపోవచ్చును.

పరిశోధనలు

2003లో అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞులు రాబర్ట్ ఎమ్మన్స్, మైఖేల్ మెకల్లో ఒక అధ్యయనం ప్రచురించారు. అందులో కొందరు ప్రతి వారం తాము కృతజ్ఞులైన విషయాలను, అయిదింటి వరకు వ్రాశారు. మరికొందరు చికాకులను వ్రాశారు. మొదటివారు తమ జీవితం పట్ల ఎక్కువ తృప్తిని తెలిపారు. 2005లో సోనియా ల్యుబోమిర్‌స్కీ బృందం తెలిపిన ప్రయోగంలో వారానికి ఒకసారి ఇలా తలచుకున్నవారికి మేలు కనిపించగా, వారానికి మూడుసార్లు తలచుకున్నవారికి అది కనిపించలేదు. ఏటా ఒక నియత దినాన జరిగే పండుగకు ఇది నిదర్శనం కాకపోయినా, కృతజ్ఞత తలపుకు ఎడం అవసరమనే భావనకు దగ్గరగా ఉన్నది. తరువాతి సమీక్షలలో ఇటువంటి అభ్యాసాల ఫలితం స్వల్పమేనని తేలింది. తీవ్రమైన దిగులుకు, ఆందోళనకు ఇవి చికిత్సకు బదులు కాజాలవు.

పరిమితులు, విమర్శ

కృతజ్ఞతను అడిగి తీసుకున్నచోట అది భారమవుతుంది. పూర్వం కళ్ళం వద్ద వడ్రంగి, కమ్మరి, చాకలి మొదలైన వృత్తులవారికి "మేర" పేరిట ధాన్యం ఇచ్చేవారు. అది వారి శ్రమకు రావలసిన ఫలమే అయినా, దొర దయగా చూపబడేది. నిజాం కాలపు తెలంగాణలో వెట్టిచాకిరి ఇదే అధికారంపై నిలిచింది. 1946 నుండి 1951 వరకు జరిగిన తెలంగాణ సాయుధ పోరాటానికి వెట్టి ఒక ముఖ్య కారణం. అప్పు పేరిట మనిషిని కట్టివేసే పద్ధతిని భారతదేశంలో 1976 చట్టం రద్దు చేసింది.

కావున న్యాయమైన కూలిని, వారపు సెలవును హక్కుగా పరిగణించాలి. వాటికి బదులుగా కృతజ్ఞతను బోధించడం సరికాదు. ఆ హక్కు దక్కిన తరువాత, పక్కన పనిచేసినవారిని తలచుకోవడం, వారి భారంలో కొంత తగ్గించడం కృతజ్ఞత అనిపించుకుంటుంది. కనుమ నాడు కాడి దించే ఆచారం తెలిపే అర్థం ఇదే.

ఇవి కూడా చూడండి

కనుమ
ఏరువాక పున్నమి
బోనాలు
వెట్టిచాకిరి