గ్రహాల ఎగువ వాతావరణాలు: తులనాత్మక అధ్యయన చరిత్ర

భూమి, శుక్రుడు, అంగారకుడు, శని ఉపగ్రహమైన టైటాన్‌ల వాతావరణాల్లో అన్నిటికన్నా పైనుండే పలుచని పొరలను పోల్చి చూసే శాస్త్ర విభాగం ఇది. సూర్యుని అతినీలలోహిత కిరణాలు ఇక్కడి వాయువులను వేడెక్కించి, వాటి అణువుల నుంచి ఎలక్ట్రాన్లను విడదీసి, ఐనో ఆవరణాన్ని ఏర్పరుస్తాయి.

తొలి దశ

19వ శతాబ్దాంతం వరకు ఈ పొరల జాడ తెలిపినవి ప్రధానంగా ధ్రువకాంతులు, ఉల్కలు. రేడియో తరంగాలను వెనక్కి తిప్పే పొర ఒకటి ఉండాలని 1902లో శాస్త్రవేత్తలు కెన్నెలీ, హెవిసైడ్ సూచించగా, 1924లో ఆపిల్టన్ ప్రయోగంతో రుజువు చేశాడు. శిశిర్ కుమార్ మిత్ర ప్రామాణిక గ్రంథం ‘ది అప్పర్ అట్మాస్ఫియర్’ 1947లో కలకత్తాలో వెలువడింది. వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో బి. రామచంద్రరావు నాయకత్వంలో ఐనో ఆవరణ పరిశోధన సాగింది.

వ్యోమనౌకల యుగం

1965 జులైలో మారినర్-4 వ్యోమనౌక అంగారకుడి చాటుకు వెళ్తూ పంపిన రేడియో సంకేతం ఆ గ్రహపు గాలిని ఒరుసుకుంటూ భూమికి చేరింది. దాని పౌనఃపున్యంలో కనిపించిన స్వల్ప మార్పులను బట్టి, సుమారు 120 కిలోమీటర్ల ఎత్తున ఐనో ఆవరణం ఉందని తేలింది. 1967 అక్టోబరు 18న వెనెరా-4, మర్నాడే మారినర్-5 నౌకలు శుక్రుణ్ని చేరాయి.

1978 డిసెంబరు నుంచి 1992 అక్టోబరు వరకు శుక్రుడి చుట్టూ తిరిగిన పయనీర్ వీనస్ ఆర్బిటర్ ఈ రంగానికి అమూల్యమైన సమాచారం అందించింది. శుక్రుడికి భూమికన్నా దాదాపు రెట్టింపు సౌరశక్తి అందుతుంది. అయినా అక్కడి థర్మో ఆవరణం (సూర్యకిరణాలు నేరుగా వేడెక్కించే ఎగువ పొర) పగలు సుమారు 30 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఉంటుంది. రాత్రి మైనస్ 170కి పడిపోతుంది. భూమి థర్మో ఆవరణంలోనైతే వేడి తరచుగా 700 డిగ్రీలు దాటుతుంది. ఈ తేడాకు ముఖ్య కారణం కార్బన్ డయాక్సైడ్. నేల దగ్గర వేడిని పట్టి ఉంచే ఈ వాయువే, గాలి పలచబడిన ఎత్తుల్లో ఆక్సిజన్ పరమాణువుల తాకిడికి ఉత్తేజితమై, 15 మైక్రాన్ల పరారుణ కిరణాలుగా వేడిని అంతరిక్షంలోకి వదిలేస్తుంది.

టైటాన్ గాలిలో నత్రజనే ప్రధానమని 1980 నవంబరులో వాయేజర్-1 తేల్చింది. తర్వాత కాసిని వ్యోమనౌక సుమారు 1,000 కిలోమీటర్ల ఎత్తున దూసుకుపోతూ బెంజీన్‌ను, బరువైన అయాన్లను గుర్తించింది.

2014 సెప్టెంబరులో ఎగువ వాతావరణ పరిశోధనకు ఉద్దేశించిన మావెన్ నౌక, శ్రీహరికోట నుంచి బయల్దేరిన మంగళ్‌యాన్ రోజుల తేడాతో అంగారకుణ్ని చేరాయి.

ప్రాముఖ్యం

శుక్రుడిపై కనిపించిన ఈ చల్లబరిచే ప్రభావం భూమికీ వర్తిస్తుంది. భూమిపై కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే థర్మో ఆవరణం సుమారు 50 డిగ్రీలు చల్లబడుతుందని 1989లో శాస్త్రవేత్తలు రోబుల్, డికిన్సన్ అంచనా కట్టారు. అక్కడి గాలి క్రమంగా పలచబడుతోందని ఉపగ్రహాల కక్ష్యల పరిశీలనలో తర్వాత వెల్లడైంది. గాలి నిరోధం తగ్గితే అంతరిక్ష వ్యర్థాలు త్వరగా రాలిపోక, కక్ష్యలోనే ఎక్కువ కాలం తిరుగుతుంటాయి.