యుద్ధ పైలట్ల ఫొటోలకు రంగులెలా వచ్చాయి?

నలుపు తెలుపు ఫొటోకు రంగులద్దడం దాదాపు ఫొటోగ్రఫీ అంత పాతది. 1840ల్లోనే స్విట్జర్లాండ్ చిత్రకారుడు ఈసెన్‌రింగ్ తుమ్మబంకతో కలిపిన రంగుపొడిని వెండి పలక మీది బొమ్మకు అద్ది, వేడిచేసి అతికించేవాడు. తర్వాత స్టూడియోల్లో సన్నటి కుంచెతో చెక్కిళ్లకు, చీర అంచులకు రంగు వేయడం మామూలైంది. 1970లో కెనడా ఇంజనీరు విల్సన్ మార్కిల్ ఈ పనికి కంప్యూటర్‌ను వాడాడు. 1957 నాటి ‘మాయాబజార్’కు హైదరాబాద్‌లోని గోల్డ్‌స్టోన్ సంస్థ రంగులద్ది 2010లో విడుదల చేయడంతో తెలుగువారికి ఈ విద్య బాగా దగ్గరైంది. ఇప్పటి కృత్రిమ మేధ ఫొటోలోని వెలుగునీడలను అలాగే ఉంచి, లక్షలాది రంగు ఫొటోల నుంచి నేర్చుకున్నదాన్నిబట్టి వర్ణాన్ని ఊహిస్తుంది.

ఆ ఊహ యుద్ధ పైలట్ల ఫొటోల దగ్గర తడబడుతుంది. ఉదాహరణకు, నిజాం విరాళాలకు గుర్తుగా హైదరాబాద్ పేరు పెట్టుకున్న బ్రిటిష్ స్క్వాడ్రన్లలో స్పిట్‌ఫైర్ యుద్ధవిమానాలు నడిపిన 152వది ఒకటి. దాని చిహ్నం నిజాం తలపాగాయే. 1940లో అది ఇంగ్లండ్‌ను కాపాడే పోరులో ఉంది. అప్పుడు విమానం పక్కనుండే వలయాల గుర్తుకు నడిమి చుక్క ఎరుపు. 1943 చివర్లో ఆ స్క్వాడ్రన్ బర్మా యుద్ధరంగానికి వచ్చింది. అక్కడ జపాన్ విమానాల ఎర్రటి సూర్యబింబంతో పొరబడకుండా బ్రిటిష్ గుర్తులో ఎరుపు తీసేసి, ముదురు నీలం మధ్య లేత నీలం ఉంచారు. ఇంగ్లండ్‌లో హరికేన్, స్పిట్‌ఫైర్‌ల మీద శిక్షణ పొంది బర్మా పోరులో పాల్గొన్న హైదరాబాదీ ఇద్రీస్ హసన్ లతీఫ్ లాంటి మన వైమానికుల దళాలకూ ఈ రెండు నీలాల గుర్తే. ఆయన 1978లో భారత వాయుసేనాధిపతి అయ్యారు. బర్మా ఫొటోలో నడిమి చుక్కకు ఎరుపు వేస్తే చరిత్రే తప్పుతుంది.

ఫిల్ములోనూ చిక్కుంది. ఎరుపును పట్టలేని పాతరకం ఆర్థోక్రోమాటిక్ ఫిల్ము మీద ఎరుపు దాదాపు నల్లగా పడుతుంది, నీలం తేలిపోతుంది. పైలట్ల లైఫ్ జాకెట్లతో మరో తంటా. మొదట్లో అవి ఖాకీ ఛాయలో ఉండేవి. సముద్రంలో పడితే కనిపించాలని కొందరు పసుపు రంగు పూసుకున్నారు. తర్వాత పసుపువే తయారయ్యాయి. అందుకే ఫొటో ఎక్కడిదో, ఏ ఏడాదిదో తేలకుండా కుంచె పట్టకూడదు. రంగుల ఉత్తర్వులు, మ్యూజియాల్లోని యూనిఫాంలు, అరుదుగా దొరికే కొడాక్రోమ్ రంగు స్లైడ్లు చూసి సరిపోల్చుకోవాలి. ఆధారం దొరకని చోట వెలిసిన రంగుతో సరిపెట్టి, ఏది ఊహో ఫొటో కిందే రాయాలి. అసలు ఫొటో స్కాన్‌ను మాత్రం తాకకుండా విడిగా దాచాలి.