పదవి లేని పెద్దరికము

మన గ్రంథాలయము ఇరువదియైదేండ్లు పూర్తిచేసికొని రజతోత్సవము జరుపుకొనుచున్న ఈ శుభసమయమున ఒక చరిత్ర వ్యాసము వ్రాయుట నాకు లభించిన భాగ్యము. రాజుల చరిత్రయు, ఆలయ చరిత్రయు మనకు క్రొత్తవి కావు. అరసవల్లి యనగనే శ్రీ సూర్యనారాయణస్వామివారిని, కళింగ గాంగరాజులను తలచుకొనుట పరిపాటి. అయితే రథసప్తమినాడు యాత్రికులు వెల్లువగా వచ్చినప్పుడు వరుసలు సరిదిద్దువారిని, దప్పిగొన్నవారికి మంచినీరు అందించువారిని గూడ మనము చూచుచునే యున్నాము. వారి పేర్లు ఏ శాసనమునను చెక్కబడవు. రాజకీయములందును అట్టివారు కలరు. జీతము గాని పదవి గాని లేక, పల్లెలలో పార్టీ పనిని భుజములపై మోసిన కార్యకర్తలను గూర్చి ముచ్చటించుటయే ఈ వ్యాసోద్దేశము.

కాంగ్రెసు 1885లో పుట్టినను చాలకాలము పట్టణములలోని విద్యావంతుల సభగానే యుండెను. 1920 డిసెంబరులో నాగపూరు మహాసభ దాని నిబంధనావళిని మార్చెను. భాషాప్రాతిపదికపై రాష్ట్ర సంఘములును, వాని క్రింద జిల్లా, తాలూకా, గ్రామ సంఘములును ఏర్పడవలెనని నిర్ణయమయ్యెను. సభ్యత్వపు చందా నాలుగణాలు మాత్రమే. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో విజయవాడలో కూడిన అఖిల భారత కాంగ్రెసు సంఘము కోటి రూపాయల తిలక్ స్వరాజ్యనిధి, కోటిమంది సభ్యులు, 20 లక్షల రాట్నములు అను లక్ష్యములు పెట్టుకొనెను. కోటి యను సంఖ్య సభలో పలుకుట సులభము. దానిని నాలుగణాల చొప్పున కూర్పవలసినవాడు పల్లెలోని కార్యకర్త. ఆ పనికి కావలసినవి రెండే: అలయని కాళ్లు, దాపరికము లేని లెక్క.

ఆ విజయవాడ సభలోనే ఆంధ్రదేశపు స్వచ్ఛంద సేవాదళము ఒకటి అందరి కన్నుల బడెను. అది దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి రామదండు. లక్షలాది జనమును అదుపులో నుంచి, సభను సజావుగా నడిపించిన కీర్తి ఆ దండుది. ఆ యేడే చీరాల, పేరాల ప్రజలు పురపాలక సంఘపు పన్నును నిరసించి ఊరు విడిచి రామనగరమున పాకలు వేసికొనిరి. అట్లు వెడలినవారు సుమారు 13 వేలమంది. దేశమంతయు విస్తుపోయిన త్యాగమది. అయితే ఆ సంవత్సరముననే గోపాలకృష్ణయ్యగారు మనకు ఉత్తరమున నున్న బరంపురములో నిషేధాజ్ఞను ధిక్కరించి కారాగారమున కేగిరి. నాయకుడు దూరమగుటతో శిబిరము క్రమముగా సడలి, ప్రజలు తిరిగి ఇండ్లకు చేరిరి. ఇది వారి ధైర్యమునకు కొరత కాదు. ఒక్క స్తంభముపై నిలిచిన పందిరి, స్తంభము కదలిన నిలువదు. ఈ పాఠమును మనము మరువరాదు.

దీనికి జవాబు మన జిల్లా నుండియే వచ్చెను. జమీందారీ శిస్తులును, అప్పుల భారమును రైతును క్రుంగదీసిన ఆ కాలమున ఆచార్య ఎన్. జి. రంగాగారు రైతు సంఘమును పల్లెపల్లెకు వ్యాపింపజేసిరి. మన జిల్లా ఉత్తరపు కొసనున్న ఇచ్ఛాపురము నుండి మద్రాసు వరకు రైతురక్షణ యాత్ర సాగెను. రెండువేలకు పైగా రైతులు 9 జిల్లాల గుండ 130 దినములలో 1,500 మైళ్లు నడచిరి. దారిలో వందలాది సభలు జరిపి, 1,100కు పైగా అర్జీలు కూర్చి, 1938 మార్చి 27న మద్రాసు శాసనసభకు సమర్పించిరి. వారి ప్రధాన కోర్కెలలో ఒకటైన ఋణవిముక్తికి ఆ సంవత్సరమే చట్టమును వచ్చెను. చదువరులారా! ఆ అర్జీల వెనుక ఎంత పని యున్నదో ఊహింపుడు. చదువురాని రైతు చెప్పగా వినవలెను, వ్రాయవలెను, తిరిగి చదివి వినిపింపవలెను, వ్రేలిముద్ర వేయింపవలెను. ఇది ఒక్క నాయకునివలన నగునది కాదు. ఊరూర నలుగురు చదువరులున్ననే యగును.

1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ జరిగెను. బారువలో పుట్టి, 1930 ఉప్పు సత్యాగ్రహమున పాల్గొనిన గౌతు లచ్చన్నగారు ఈ ప్రాంతపు రైతుల కప్పుడు అండగా నిలిచినవారిలో ముఖ్యులు. సభ ముగిసిన కొలది దినములకే, ఏప్రిల్ 1న, మందస జమీందారీలోని గుడారి రాజమణిపురమున రైతులను పట్టుకొనిపోవ వచ్చిన పోలీసులకు గున్నమ్మ యను రైతుబిడ్డ అడ్డునిలిచి, కాల్పులకు బలియయ్యెను. ఆమెకు పదవి లేదు. వీరగున్నమ్మ యని ప్రజలు పిలుచుకొన్న పేరే ఆమె బిరుదు.

స్వరాజ్యము వచ్చెను. 1948లో జమీందారీల రద్దుచట్టము వచ్చెను. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళము జిల్లా ఏర్పడెను. 1959లో మన రాష్ట్రమున పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు వెలసెను. దానితో పల్లెకు అధికారమును, నిధులును వచ్చినవి. కార్యకర్త ముందర కుర్చీయు వెలసినది. గ్రామపంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తులు లేకయే జరుగుచున్నవి. అయినను కాగితముపై లేని పార్టీ వీధి అరుగులపై ఉన్నదని మనమెరుగుదుము. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమలులోనికి వచ్చి, స్త్రీలకు మూడవవంతుకు తగ్గకుండ స్థానములు కేటాయించుట గున్నమ్మ పుట్టిన జిల్లాకు సంతోషకరమే. ‘వాలంటీరు’ అను మాట అర్థమును మారినది. 2019 ఆగస్టు 15న రాష్ట్రప్రభుత్వము సుమారు 50 ఇండ్లకు ఒకరి చొప్పున నెలకు 5,000 రూపాయల గౌరవవేతనముపై గ్రామ వాలంటీర్లను నియమించెను. 2024 తరువాత ఆ ఏర్పాటు సాగలేదు. వారు ప్రభుత్వ సహాయకులు. నేను చెప్పు కార్యకర్తకు వేతనమును లేదు, నియామకపు ఉత్తరువును లేదు.

1967లో లచ్చన్నగారు శ్రీకాకుళము నుండి లోక్‌సభకు ఎన్నికై, రంగాగారి కొరకు ఆ స్థానమును విడిచిరి. ఉపఎన్నికలో రంగాగారు గెలిచిరి. చేతికందిన పదవిని విడుచుట సామాన్యము కాదు. అయినను ఆ స్థానము ఓటర్లదియు గదా యని ప్రశ్నించు హక్కు మనకు కలదు. ఆ ప్రశ్న వేయగల ఓటరును తయారుచేయువాడే నిజమైన కార్యకర్త.

అట్టివాడు తయారగు చోటు ఏది? 1914లో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము పుట్టిననాటి నుండి పల్లె పఠనమందిరములు ఆ పనియే చేసినవి. ఇక్కడ ఒకే బల్లవద్ద వేర్వేరు పార్టీలవారు ఒకే పత్రికను పంచుకొని చదువుదురు. చందాకు రసీదు అడుగుట, జమాఖర్చులు సర్వసభ్య సమావేశమున చదివించుట, గడువు తీరిన కార్యదర్శి తాళపుచెవులు మరియొకరికి అప్పగించుట, ఇవి చిన్న పనులు కావు. రామనగరమునకు కొరవడినదియు, రైతు యాత్రకు బలమైనదియు ఇట్టి పదిమంది పనియే. మన గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొనునాటికి, పదవి లేకున్నను పెద్దరికము నిలుపుకొనగల యువతీయువకులు ఈ బల్లల వద్దనుండి లేచి రావలెనని ఆకాంక్షించుచున్నాను.