ఒక యంత్రము, పెక్కు కాపురములు

మండవల్లి పరిసరములందలి చేపల చెరువులను చూచినవారికి గట్టు విలువ వేరుగ చెప్పనక్కరలేదు. పక్కపక్కనున్న రెండు చెరువులకును నీరు ఒకే కాలువనుండి రావచ్చును. అయినను ఒకదానిలోని బొచ్చెలు, శీలావతులు రెండవదానిలోనికి పోవు. గట్టు తెగినచో ఎవరి చేప ఏదియో తేలదు. ఒకదానిలోని తెగులు రెండవదానికిని సోకును. ఒకే కంప్యూటరుపై పెక్కు సర్వరులను నడపువారి చిక్కును ఇట్టిదే. సర్వరనగా దూరమునుండి వచ్చు కోరికలకు బదులు పంపుచు ఎడతెగక నడచు ప్రోగ్రాము.

సర్వరునకొక యంత్రము కొనినచో చిక్కే లేదు. కాని యంత్రము ప్రియము. పైగా చాలవేళలు ఊరకనే యుండును. సర్వరులు పుట్టకమునుపే, 1961లో, అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఫెర్నాండో కొర్బాటో బృందమును ఈ లెక్కయే కాలవిభజన పద్ధతివైపు నడిపినది. వారు నిర్మించిన సి.టి.ఎస్.ఎస్. వ్యవస్థ కంప్యూటరు కాలమును చిన్న తునకలుగా కోసి వంతులవారీగా పంచును. ప్రతివాడును యంత్రము తనదే యనుకొనును.

గట్టు ఎక్కడ పలుచగా నున్నదో 1966లో బయటపడినది. అందు వ్రాతలను దిద్దు ప్రోగ్రామొకటి కలదు. ఒక డైరెక్టరీలో, అనగా ఫైళ్లుంచు అరలో, ఒక వేళ ఒక్కరే పనిచేయుదురని తలచి, దాని తాత్కాలిక ఫైలునకు ఎల్లప్పుడు ఒకే పేరు పెట్టిరి. ఒకనాడు నిర్వాహకులిద్దరు ఒకే డైరెక్టరీలో ఒకే వేళ పనికి దిగిరి. ఒకరు అందరికి కనబడు నాటి ప్రకటనను, మరియొకరు రహస్యపదముల పట్టికను దిద్దుచుండిరి. తాత్కాలిక ప్రతులు తారుమారైనవి. అటుపిమ్మట లోనికి వచ్చిన ప్రతివానికిని ప్రకటనకు బదులు అందరి రహస్యపదములు దర్శనమిచ్చినవి! దొంగ ఎవడును లేడు, యంత్రము చెడలేదు. పేరు ఒకటగుటయే దోషము.

ఐ.బి.ఎం. వారి కేంబ్రిడ్జి కేంద్రము మరింత ఎత్తయిన గట్టు వేసినది. 1967లో వాడుకలోనికి వచ్చిన సి.పి.-40 ఒక్క యంత్రమును 14 కల్పిత యంత్రములుగా చూపగలిగెను. ఇది దృఢమే, కాని బరువు. 1979లో యూనిక్స్ ఏడవ కూర్పునందలి ‘చ్‌రూట్’ తేలిక మార్గము చూపినది: ప్రోగ్రామునకు ఒక డైరెక్టరీయే సర్వలోకమని నమ్మించుట. 2000లో ఫ్రీబీఎస్‌డీలో వచ్చిన ‘జెయిలు’ ఫైళ్లనే గాక నడచు ప్రోగ్రాములను, నెట్‌వర్కు చిరునామాను కూడ వేరుచేసినది. పేరు మాత్రము ఎవరికిని ముచ్చట గొలుపదు.

జావా ప్రోగ్రాములకు ఆశ్రయమగు టామ్‌క్యాట్ సర్వరులో 1966 నాటి పాఠము స్పష్టముగ కనబడును. ప్రోగ్రాము మూలమును ‘కాటలీనా హోమ్’ అను ఒక్కచోటనే ఉంచి, నడచు ఒక్కొక్క సర్వరునకు ‘కాటలీనా బేస్’ అను వేరు డైరెక్టరీ నిత్తురు. అమరికలు, చిట్టాలు, ముఖ్యముగ తాత్కాలిక ఫైళ్లు అందులోనే యుండును. కోరికలను విను పోర్టు సంఖ్యయు వేరుకావలెను. చాలమంది 8080ని మార్చి, ఆపివేయు ఆజ్ఞను విను 8005ను మరచి, రెండవ సర్వరు నిలువలేదేమని తెల్లబోవుదురు.

అయినను ఇది సగము గట్టే. రెండును ఒకే ఖాతా పేర నడచినచో ఒకదాని ఫైళ్లను రెండవది చదువగలదు. కనుక ఖాతాలను వేరుచేయవలెను. మెమొరీ, ప్రాసెసరు కాలము మాత్రము కాలువ నీటివలె ఉమ్మడియే. ఒక సర్వరుపై పరీక్షాఫలితములు, మరియొకదానిపై రుసుముల లెక్కలు నడచుచున్నవనుకొందము. ఫలితములు వెలువడు ఉదయమున మొదటిది ప్రాసెసరునంతయు ఆక్రమించినచో, రుసుము కట్టవచ్చిన విద్యార్థి కాచుకొని కూర్చుండవలసినదే. ఏ గుంపు ప్రోగ్రాములకు ఎంతయని కొలిచి విడుచు తూమువంటి ‘సీగ్రూపు’లు 2008లో లినక్స్‌లో చేరినవి, మొదట ప్రాసెసరు కాలమునకు, కొలది నెలలలో మెమొరీకిని.