ఉప్పునీళ్ళు, ఒక పల్చటి పొర, కొంచెం చరిత్ర

మన వంటింట్లో గోడకి తగిలించిన ఆర్వో ఫిల్టరులోనూ, చెన్నై దగ్గర మీంజూరులో 2010లో మొదలైన సముద్రపు నీటి ప్లాంటులోనూ (రోజుకి 10 కోట్ల లీటర్లు!) పని చేసేది ఒకటే, ఒక పల్చటి పొర. దాని కథ మనలాంటి డీబగ్గింగు జీవులు తప్పక తెలుసుకోవాల్సింది.

స్కూల్లో ద్రవాభిసరణం గుర్తుందా? ఎండుద్రాక్ష నీళ్ళల్లో వేస్తే ఉబ్బుతుందే, అదే. పొరకి ఒకవైపు మంచినీళ్ళు, ఇంకోవైపు ఉప్పునీళ్ళు ఉంటే మంచినీళ్ళే ఉప్పువైపుకి పోతాయి. మనకి కావాల్సింది దీనికి సరిగ్గా రివర్సు. అలా వెనక్కి తొయ్యాలంటే సముద్రపు నీటి మీద వాతావరణ పీడనానికి 25 రెట్లకి పైగా ఒత్తిడి పెట్టాలి. నీరు బయటికి పోయేకొద్దీ మిగిలింది మరింత ఉప్పగా అవుతుంది కాబట్టి ప్లాంట్లలో 55 నుంచి 70 రెట్ల దాకా పెడతారు.

1950ల్లో ఫ్లోరిడా యూనివర్సిటీలో చార్లెస్ రీడ్ బృందం సెల్యులోజ్ ఎసిటేట్ పొర ఉప్పుని ఆపుతుందని చూపించింది. కానీ నీళ్ళు చుక్కలు చుక్కలుగా వచ్చేవి. ఎవరికి చాలతాయి?

తర్వాత లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో సిడ్నీ లోబ్, మన దేశంలో పుట్టిన శ్రీనివాస సౌరిరాజన్ రంగంలోకి దిగారు. మార్కెట్లో దొరికే పొరని నీళ్ళల్లో వేడిచేసి పరీక్షించారు. ఒకసారి బ్రహ్మాండంగా పనిచేసేది, ఇంకోసారి ఉప్పు దాటిపోయేది. అదే పొర, అదే ఒత్తిడి! చివరికి తేలిందేమిటంటే, తేడా అంతా ఏ వైపు పైకి పెట్టామన్న దాంట్లో ఉంది. పొరకి ఒక వైపు చిక్కటి సన్నని చర్మం, మిగతాదంతా స్పాంజి. ఉప్పుని ఆపేది ఆ చర్మమొక్కటే. అది సన్నగా ఉంటే నీళ్ళు వేగంగా వస్తాయి. ఇది తెలిశాక అలాంటి పొరని వాళ్ళే తయారుచేశారు.

1965లో కాలిఫోర్నియాలోని కోలింగాలో దీంతో మొదటి ప్లాంటు పెట్టారు. సముద్రపు నీటికి కాదు, ఉప్పగా ఉండే భూగర్భజలానికి. ఒకప్పుడు ఆ ఊరికి తాగునీళ్ళు రైల్లో వచ్చేవి. 2019 జూలైలో చెన్నైకి జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్ళు వచ్చాయి. చరిత్ర ఇలాగే చక్కర్లు కొడుతుంటుంది.

ఆ తర్వాత జాన్ కడాట్ కనిపెట్టిన పాలీఅమైడ్ పొరలు వచ్చాయి. బయటికి పోయే ఉప్పునీటిలో మిగిలిన ఒత్తిడిని లోపలికి వచ్చే నీటికి అందించే పరికరాలొచ్చాయి. వీటన్నిటితో ఇప్పుడు వెయ్యి లీటర్లకి కరెంటు సుమారు 3-4 యూనిట్లు. సగం నీటిని తియ్యాలంటే భౌతికశాస్త్రం ఒప్పుకునే కనీసమే దాదాపు 1 యూనిట్. అంటే ఇక్కడ మూర్స్ లా లాంటి అద్భుతాలేం జరగవు.

అందుకే "సముద్రముందిగా, భయమెందుకు?" అనేవాళ్ళతో నేను ఏకీభవించను. 1996 నుంచీ తెలుగుగంగ కాలవలో మన కృష్ణ నీళ్ళు చెన్నైకి వెళుతున్నాయి. అదే చెన్నైలో మనవాళ్ళు బోలెడంతమంది పనిచేసే ఐటీ కారిడార్ పక్కనే పళ్ళికరణై చిత్తడినేల ఆక్రమణలతో కుంచించుకుపోయింది. వాన నీళ్ళని ఉచితంగా దాచిపెట్టే చోటు పోగొట్టుకుని, కరెంటు పోసి సముద్రాన్ని వడకట్టుకుంటున్నాం. ఆ పొర గొప్పదే, సందేహం లేదు. కాకపోతే అది బ్యాకప్పు. బ్యాకప్పు ఉంది కదా అని ఒరిజినల్ డిలీట్ చేసేవాణ్ణి ఏమంటాం?