బిల్లీ జోయెల్ పాటల్లో మూడు వృత్తులు

న్యూయార్క్ లాంగ్ ఐలాండ్‌లో మేముండే హిక్స్‌విల్‌లో ఇప్పుడు దోసెల హోటళ్లున్నాయి, చీరల కొట్లున్నాయి, గోంగూర దొరికే కిరాణా దుకాణాలున్నాయి. రెండో ప్రపంచ యుద్ధం నాటికి ఈ చుట్టుపక్కల బంగాళాదుంప చేలు ఉండేవి. యుద్ధం అయిపోయాక విలియం లెవిట్ అనే బిల్డర్ ఆ చేలు కొని, తిరిగొచ్చిన సైనికుల కుటుంబాల కోసం అచ్చుగుద్దినట్టు ఒకేలాంటి ఇళ్లు వేలల్లో కట్టాడు. పక్కనున్న లెవిట్‌టౌన్ అలా వెలిసిందే. తెల్లవాళ్లకు తప్ప ఇవ్వనన్నది ఆయన షరతు. మన పిల్లలు ఇవాళ అవే వీధుల్లో సైకిళ్లు తొక్కుతున్నారు కాబట్టి ఆ సంగతి చెప్పుకోవడంలో నాకు కాస్త సరదా ఉంది.

లెవిట్ హిక్స్‌విల్‌లో కట్టిన అలాంటి ఇంట్లోనే బిల్లీ జోయెల్ పెరిగాడు. పుట్టింది 1949లో, బ్రాంక్స్‌లో. తండ్రి జర్మనీలోని నురెంబర్గ్ యూదుడు. నాజీల బారి నుంచి తప్పించుకుని కుటుంబంతో పాటు క్యూబా మీదుగా అమెరికా చేరాడు. ఇంట్లో పియానో వాయించేవాడు. తర్వాత భార్యతో విడిపోయి యూరప్ వెళ్లిపోయాడు. పిల్లల్ని తల్లి ఒక్కతే సాకింది.

ఆయన పాటల్లో ఏది గొప్పదని ఇక్కడ అడిగితే చాలామంది 'జస్ట్ ద వే యూ ఆర్' అంటారు. 1977లో వచ్చిన ఆ ప్రేమపాటకు గ్రామీలు వచ్చాయి, పెళ్లి రిసెప్షన్లలో ఇప్పటికీ మోగుతుంది. ఫిల్ వుడ్స్ శాక్సఫోన్ తీసేస్తే నాకందులో పెద్దగా ఏమీ మిగలదు. జోయెల్ కలం పదునెక్కింది ఒళ్లొంచి పనిచేసే మనుషుల గురించి రాసినప్పుడు. ముఖ్యంగా మూడు పాటల్లో.

మొదటిది అందరికీ తెలిసిందే, 1973 నాటి 'పియానో మ్యాన్'. అప్పటికి రెండేళ్ల కిందట వచ్చిన ఆయన తొలి ఆల్బమ్ 'కోల్డ్ స్ప్రింగ్ హార్బర్'ను తప్పుడు వేగంతో విడుదల చేశారు. గొంతు పీలగా, కీచుగా వినిపించింది. పైగా చిన్నవయసులో కళ్లు మూసుకుని సంతకం పెట్టిన కాంట్రాక్టు మెడకు చుట్టుకుంది. దాని నుంచి బయటపడే దారి వెతుక్కుంటూ లాస్ ఏంజలెస్ వెళ్లి, విల్షైర్ బులవార్డ్‌లో 'ఎగ్జిక్యూటివ్ రూమ్' అనే బార్‌లో బిల్ మార్టిన్ అనే మారుపేరుతో సుమారు ఆరు నెలలు పియానో వాయించాడు. అదొక వృత్తి. అడిగిన పాట రాదనకూడదు, తాగినవాడి గోడు వినాలి, పియానో మీద పెట్టిన జాడీలో పడే టిప్పులతో నెల గడుపుకోవాలి. పాటలో కనిపించేవాళ్లు ఆ బార్‌లో ఆయన చూసిన మనుషులే. వడ్డించే అమ్మాయి తర్వాత ఆయన భార్య అయిన ఎలిజబెత్. పాట నడక మూడేసి మాత్రలది, మన లెక్కలో తిశ్రం. తాగి ఊగేవాళ్లకు అంతకన్నా తగిన తాళం లేదు. రేడియోల కోసం కంపెనీ ఈ పాటను కత్తిరించింది. ఆ కడుపుమంట మరుసటి ఏడాది 'ది ఎంటర్‌టైనర్'లో బయటపడింది.

రెండోది 1982 నాటి 'అలెన్‌టౌన్'. ఈ బాణీకి జోయెల్ మొదట రాసుకున్నది లెవిట్‌టౌన్ గురించి, అంటే మా వీధుల గురించే. రాయడానికి ఇక్కడ ఏమీ జరగడం లేదని పక్కన పడేశాడు. (నిజమే, ఇప్పటికీ పెద్దగా ఏమీ జరగదు.) ఆ తర్వాత పెన్సిల్వేనియాలోని ఉక్కు పట్టణాల కష్టం ఆ బాణీలోకి వచ్చి చేరింది. పాటలోని కర్మాగారం నిజానికి అలెన్‌టౌన్ పట్టణం పక్కనున్న బెత్లహేమ్‌ది. గోల్డెన్ గేట్ వంతెనకు ఉక్కు అందించిన కంపెనీదే అది. పాట ఫ్యాక్టరీ కూతతో మొదలవుతుంది. తండ్రుల తరానికి దొరికిన ఉద్యోగ భరోసా కొడుకులకు దొరకలేదన్నదే దాని సారాంశం. పాట వచ్చేనాటికి అక్కడి కొలుములు ఇంకా మండుతూనే ఉన్నాయి. 1995లో ఆరిపోయాయి, 2001లో కంపెనీ దివాలా తీసింది. ఆ స్థలంలో ఇప్పుడు జూదశాల నడుస్తోంది.

మూడోది 'ది డౌనీస్టర్ అలెక్సా', 1989. మా ద్వీపం తూర్పు కొసన ఉండే జాలర్ల పాట. వాళ్లను ఇక్కడ బేమెన్ అంటారు. అలలకు ఎదురుగా చిన్న పడవను నీళ్లలోకి తోసి, వలను అర్ధచంద్రాకారంలో వదిలి, రెండు కొసలూ ఒడ్డుకు చేర్చి లాగుతారు. మా భీమిలి వైపు అలివి వల లాగినట్టే. తేడా ఏమిటంటే అక్కడ ఊరంతా కలిసి లాగుతారు, ఇక్కడ ట్రక్కులు లాగుతాయి. వాళ్లకు ప్రాణాధారం స్ట్రైప్‌డ్ బాస్ అనే చారల చేప. హడ్సన్ నది ఎగువన జనరల్ ఎలక్ట్రిక్ కర్మాగారాలు దాదాపు 30 ఏళ్లు వదిలిన పీసీబీ రసాయనాలు ఆ చేపలోకి చేరాయి. 1986లో రాష్ట్ర ప్రభుత్వం దాని వేట నిషేధించింది. 1990లో వేటకు మళ్లీ అనుమతించినా, ఒడ్డు నుంచి వల లాగడాన్ని మాత్రం ఒప్పుకోలేదు. నీళ్లు పాడుచేసింది ఒకరు, వల చుట్టి అటకెక్కించింది మరొకరు.

అలెక్సా జోయెల్ కూతురి పేరు. పాటలో అది పడవ పేరైంది. అప్పులు తీర్చుకోవడానికి చేపల కోసం రోజురోజుకూ ఇంకా దూరం పోవాల్సిన పడవ. వెనక వినిపించే వయొలిన్ ఇట్జాక్ పెర్ల్‌మన్‌ది, ఆల్బమ్ మీద ఆయన పేరు వేయలేదు. 1992లో అమగాన్సెట్ తీరంలో జాలర్లు నిషేధాన్ని ధిక్కరించి వల లాగినప్పుడు జోయెల్ కూడా వాళ్లతో పాటు తాడు పట్టి అరెస్టయ్యాడు. పాట రాసి ఊరుకున్నవాళ్లను చాలామందిని చూశాం.

ఇదే ఆల్బమ్‌లోని 'వీ డిడ్‌న్ట్ స్టార్ట్ ద ఫైర్' అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. 40 ఏళ్ల వార్తల్లోని పేర్లన్నీ ఏకరువు పెట్టే ఆ పాటను చరిత్ర పాఠమని మెచ్చుకుంటారు. అమెరికా చరిత్ర కావాలంటే నేను దాన్ని కాదు, 57వ స్థానం దాటని 'అలెక్సా'నే వినమంటాను. జోయెల్ పాటల్లో నా దృష్టిలో మొదటిది అదే, రెండోది 'అలెన్‌టౌన్', మూడోది 'పియానో మ్యాన్'.